మూడో మిషన్ నలుపు

నారాయణఖేడ్ బస్టాండు దగ్గర ముబీన్ దుకాణం ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. మొదట్లో రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీల వెనక కంప్యూటర్లొచ్చాయి. ఒక్కదానికీ ఆయన బడికి పోలేదు. విప్పడం, చూడడం, మళ్ళీ బిగించడం, చివర్న ఏ స్క్రూ మిగిలిపోయిందో వెతుక్కోవడం, ఇదే ఆయన చదువు. నలభై ఏడేళ్ళు వచ్చేసరికి తనమీద తనకు కాస్త ఎక్కువే నమ్మకం కుదిరింది. "నా చేతిల పడ్డ మిషన్ కాదన్నది లేదు" అని వచ్చినవాళ్ళందరితో చెప్పుకుంటాడు. ఇంట్లో మిక్సీ ఆరునెలలుగా అటక మీదే ఉందని భార్య నుజహత్ గుర్తుచేస్తే మాత్రం మాట మార్చేస్తాడు.

అలాంటి ముబీన్ నోట "నాతోని కాదు" అన్న మాట ఒకే ఒక్కసారి వచ్చింది. అదీ అబద్ధం. ఎందుకు ఆడాడో తెలియాలంటే ముందు గ్రేసమ్మ సంగతి చెప్పాలి.

గ్రేసమ్మకు యాభై అయిదు దాటాయి. కల్హేర్ నుంచి రోజూ ఆటోలో వచ్చి, తహసీల్ ఆఫీసు దారిలో శివరాజ్ నడిపే డీటీపీ దుకాణంలో టైపు చేస్తుంది. శివరాజ్ తండ్రి బతికున్నప్పుడు చేరింది. అప్పుడక్కడ ఉన్నది ఒక్క తెలుగు టైపు మిషన్. తర్వాత కంప్యూటర్లొచ్చాయి, అక్షరాలన్నీ వేరే మీటల కిందికి పోయాయి. ఆ తర్వాత యూనికోడ్ వచ్చింది, మళ్ళీ అన్నీ తారుమారు. మూడుసార్లు అదే తెలుగును తన పది వేళ్ళకు కొత్తగా నేర్పుకుంది. ఇంకొకరైతే రెండోసారికే దండం పెట్టి ఇంట్లో కూర్చునేవారు.

ఆమెకో పద్ధతి ఉంది. కాయితం చేతికిస్తే తీసుకోదు. "నువ్వే సదువు" అంటుంది. పేరు దగ్గరికి రాగానే ఆపి, "ఇంట్ల ఏమని పిలుస్తరు? మూడుసార్లు చెప్పు" అని కళ్ళు మూసుకుని వింటుంది. ఆ తర్వాతే వేళ్ళు కదులుతాయి. కొత్తవాళ్ళు దీన్ని పొగరనుకునేవారు. ముబీన్ మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఇరవై రెండేళ్ళ కిందట తన పెళ్ళిపత్రిక కోసం అంతకుముందు రెండు చోట్లకు పోతే, ఒకడు 'నుజాత' అని, ఇంకొకడు 'నూజత్' అని కొట్టారు. గ్రేసమ్మ కళ్ళు మూసుకుని మూడుసార్లు విని 'నుజహత్' అని కొట్టింది. తెలుగు చదవడం వచ్చిన పెళ్ళికూతురు ఆ పత్రిక చూసి, తన పేరు తెలుగులో తన పేరులాగే ఉండడం అదే మొదటిసారి అందట. ఆ పత్రిక ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఇక అసలు సంగతి. ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి శివరాజ్ ఫోను చేశాడు.

"ముబీన్ భాయ్, జల్దీ రా. మూడో మిషన్ల అమ్మవారు ఉండనంటుంది."

ముబీన్ సంచి భుజాన వేసుకుని పోయాడు. సంగతేమిటంటే, శివరాజ్ మొన్న ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకుని బోరంచ నల్లపోచమ్మ గుడికి పోయి వచ్చాడు. అక్కడ గుడి ముందర నిలబడి తన ఫోనుతో తానే ఒక ఫోటో తీశాడు. మెట్లు, గోపురం, మధ్యలో ఒకామె తలమీది బోనం, అన్నీ చక్కగా పడ్డాయి. దాన్ని దుకాణంలోని మూడు కంప్యూటర్ల తెరమీదా వాల్‌పేపర్‌గా పెట్టుకుని, పొద్దున్నే అగరబత్తి చూపించి పని మొదలుపెట్టాలని ఆయన కోరిక. రజిత, వినోద అనే ఇద్దరు ఆడపిల్లలు కూర్చునే మొదటి రెండు మిషన్లూ ఒప్పుకున్నాయి. గోడవారనున్న మూడోది, గ్రేసమ్మది, ఎన్నిసార్లు పెట్టినా నల్లగానే ఉంది.

"ఇది ముందునుంచి గిట్లనే నల్లగుంటదా?" అని అడిగాడు ముబీన్.

"రెండేండ్ల సంది గట్లనే ఉన్నది. అక్షరాలు గూడ తెల్లగ, పచ్చగ కనవడ్తయి. పాత మిషన్ గద, ముసలిదైంది అనుకున్న. గ్రేసమ్మక్క ఏమనకపాయె, నేను వట్టించుకోకపాయె. ఇప్పుడు అమ్మవారి ఫోటో వట్టకపోతే మనసు పరేషాన్ అయితుంది భాయ్."

ముబీన్ పని మొదలుపెట్టాడు. ఫోటో మీద నొక్కి వాల్‌పేపర్‌గా పెట్టమన్నాడు. పెట్టానన్నట్టే ఒక క్షణం ఆగి, నల్లగా ఉండిపోయింది. ఫోటో చిన్నది చేసి చూశాడు, పేరు మార్చి చూశాడు. తీగ పీకి పెట్టాడు. రజిత మిషన్ తెర తెచ్చి దీనికి తగిలించాడు, అదీ నల్లబడింది. వైరస్సేమోనని వెతికాడు, దొరకలేదు. గంట గడిచింది. పక్కనున్న శివరాజ్ ఊరికే ఉండలేక తన గోడు చెప్పుకుంటున్నాడు.

"మా పనిల కండ్లే ముఖ్యం భాయ్. ఒక్క అక్షరం తప్పువడితే రైతు చెప్పులరిగేదాక తిరగాలె. పోయినేడు గందుకే ఒక పిల్లను ఒద్దన్న. కండ్లద్దాలు పెట్టుకోమంటే పెట్టుకోదు, అన్ని తప్పులే. పాపమే గని ఏం జేస్తం?"

ముబీన్ ఊఁ కొట్టాడు. ఇక ఫార్మాట్ కొట్టడమే దారి అనుకుంటూ, చివరిసారిగా సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరవసాగాడు. కంప్యూటర్లు పట్టిన పదిహేనేళ్ళలో ఎన్నడూ తొక్కని గడప ఒకటి కనిపించింది. చూపు, వినికిడి తక్కువున్నవాళ్ళకు సాయంగా ఇచ్చిన పేజీ అది. అందులో 'హై కాంట్రాస్ట్' అన్నది వేసి ఉంది. నేల నల్లగా, అక్షరాలు తెల్లగా చేసే ఏర్పాటు. అది వేసి ఉన్నంతసేపు ఏ ఫోటో పెట్టినా తెరమీద నిలవదు. ముబీన్ దాన్ని తీసేశాడు. తెర భగ్గున తెల్లబడింది, దాని వెనకే గుడి మెట్లు, గోపురం, బోనం వచ్చి కూర్చున్నాయి.

శివరాజ్ రెండు చేతులూ జోడించి, "నీ చేతిల ఏదో ఉన్నది భాయ్" అని చాయ్ తేవడానికి బస్టాండుదాకా పోయాడు. ముబీన్‌కు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇదెవరు వేశారా అని మాత్రం ఆ నిమిషంలో ఆయనకు తోచలేదు.

అప్పుడే గ్రేసమ్మ వచ్చింది. "ఏం ముబీన్, పొద్దుగాల్నే వచ్చినవ్" అంటూ గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. తల ఎత్తి తెర వైపు చూసింది. చూసి, వెలుగు కళ్ళలో గుచ్చుకున్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది, ఈసారి ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా. ముబీన్ ఆమెను ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాడు గానీ ఇలా ఎన్నడూ చూడలేదు.

ఏదో అడగబోయాడు. ఇంతలో నాగల్‌గిద్ద దగ్గరి ఊరి రైతు ఒకాయన లోపలికొచ్చాడు. తెల్ల పంచె, తలకు రుమాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. పట్టాదారు పాసుపుస్తకంలో ఈరప్ప అని పడిందట, ఆధార్ కార్డులో వీరప్ప అని ఉందట. పేర్లు కలవలేదని కందులు కొనేచోట సంచులు దించనియ్యలేదట. పేరు సరిచేయమని అర్జీ కావాలి.

"ఇంట్ల ఏమంటరు? మూడుసార్లు చెప్పు" అంది గ్రేసమ్మ.

ఆయన సిగ్గుపడుతూ, అటువైపు కన్నడం కలిసిన యాసలో 'వీరప్ప' అని మూడుసార్లు చెప్పాడు. గ్రేసమ్మ కళ్ళు మూసుకుంది. వేళ్ళు కదిలాయి. తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, ఆయన చెబుతూనే ఉన్నాడు, మీటలు ఆగకుండా టకటకమంటూనే ఉన్నాయి. ముబీన్ ఆమె వెనక నిలబడి తెరనే చూస్తున్నాడు. ఆమె తెరను చూడడం లేదు. ముఖం వీరప్ప వైపు ఉంది, కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

ఉన్నట్టుండి వేళ్ళు ఆగాయి.

"పొల్లు పడలే" అంది ఆమె, ఎవరితోనో కాదు, తనతో తానే.

ముబీన్ వంగి చూశాడు. నిజమే. మూడో వరుసలో 'వీరప్ప' అని ఉండాల్సిన చోట 'వీరపప' అని ఉంది. రెండు 'ప'ల మధ్య పొల్లు మీట లోపలికి దిగలేదు. ఆమె కళ్ళు తెరవకుండానే ఒక్కసారి వెనక్కి కొట్టి, పొల్లు వేసి, 'ప' వేసి ముందుకు పోయింది. ఒక మీట సగంలో ఆగిందని ఆ వేలికెలా తెలిసింది? ముబీన్ ముప్పై ఏళ్ళుగా ఎన్నో మిషన్ల పొట్టలు విప్పి చూసినవాడు, లోపల ఏముంటుందో ఎరిగినవాడు, ఇప్పుడు ఒక మనిషి వేళ్ళను చూసి నోరు తెరిచి నిలబడ్డాడు.

అర్జీ పూర్తయింది. గ్రేసమ్మ మౌస్ పట్టుకుని తెరమీద అటూ ఇటూ వెతికింది. బాణం గుర్తు గుడి గోపురం పక్కనే ఉంది. ఆమెకు కనిపించడం లేదు. కాసేపటికి చెయ్యి తీసేసి, వీరప్పకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"ముబీన్, ఇది ఒకపారి సదివి చెప్పు. తప్పుంటే పాపం ఆయన మల్ల తిరగాలె."

ముబీన్ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఒక్క తప్పు లేదు. ప్రింటు తీసి చేతికిచ్చాడు. వీరప్ప తన పేరు మీద వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుని, దాన్ని మడతపెట్టకుండా కవరులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రజిత, వినోద ఇద్దరూ చెవుల్లో పాటలు పెట్టుకుని తమ పనిలో ఉన్నారు. ముబీన్ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ నలుపు నువ్వే పెట్టుకున్నవా?"

గ్రేసమ్మ చిన్నగా నవ్వింది. "నువ్వే పెట్టినవ్" అంది.

రెండేళ్ళ కిందట ముబీన్ ఈ మిషన్‌కు కొత్త చిన్న కీబోర్డు తెచ్చిపెట్టాడు. అప్పటికే ఆమెకు తెల్లటి తెరమీద అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పెద్ద దవాఖానలో చూపించుకుంటే, చూపు చుట్టూతా మూసుకుంటూ వస్తుందనీ, మందు లేదనీ చెప్పారు. కొత్త కీబోర్డు పెట్టిన రోజు ఒక అర్జీలో ఇంగ్లీషు ముక్క కొట్టి మళ్ళీ తెలుగులోకి రావాలి. దానికి ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ రెండూ కలిపి నొక్కాలి, రోజుకు వందసార్లు చేసే పనే. ఆ రెండూ ఇంకా వదలకముందే కుడిచెయ్యి వెనక్కి కొట్టే బ్యాక్‌స్పేస్ మీట కోసం పోయింది. కొత్త కీబోర్డులో దాని పైనే ప్రింట్‌స్క్రీన్ మీట ఉంది. వేలు దానిమీద పడింది. తెరమీద ఏదో పెట్టె వచ్చి ఏదో అడిగింది. అది ఆమె కంటికి ఆనలేదు. సరేనని ఎంటర్ కొట్టింది.

"అంత నల్లగైపోయింది ముబీన్. మిషన్ పాడుచేసిన్నేమో అని గుండె జారింది. మల్ల సూస్తే, అక్షరాలు కనవడ్డయి. ఒక్కొక్కటి, వేరువేరుగ. చిన్నప్పుడు పలక మీద బలపం రాతలెక్క. ఎన్ని దినాలైందో గట్ల సదివి. ఆ దినం ఏడ్సుకుంట టైపు చేసిన."

"మరి శివరాజన్నకు చెప్తే ఏమైతుండె?"

"పోయినేడు ఆ పిల్లను పంపిచ్చిండు గద. నాకు గీ కుర్చీ తప్ప ఇంకేం తెల్వదు ముబీన్. ఇంటికాడ కూసుంటే నా వేళ్ళేం చెయ్యాలె?"

ముబీన్ ఆమె వేళ్ళవైపు చూశాడు. ఎన్ని పెళ్ళిళ్ళ పేర్లు ఆ వేళ్ళమీదుగా పోయాయి! పుట్టినవాళ్ళ పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, భూముల హద్దులు, తన నుజహత్ పేరు. చూపు మూసుకుంటూ వస్తున్నా ఈ మనిషి ఒక్క పేరునూ తప్పు పోనియ్యలేదు. దేవుడి ముందర నిలబడ్డప్పుడు కలిగే భయంలాంటిది ఆయనకా స్టూలు మీద కలిగింది. కీబోర్డు తనవైపు లాక్కుని, ఆ మూడు మీటలూ కలిపి నొక్కి, ఎంటర్ కొట్టాడు. గుడి మాయమైంది. తెర మళ్ళీ నల్లబడింది. గ్రేసమ్మ తల ఎత్తి, నిటారుగా కూర్చుంది.

శివరాజ్ చాయ్ పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందిది? మల్ల నల్లగైంది?"

"మొండి మిషన్ అన్నా" అన్నాడు ముబీన్, చాయ్ గ్లాసు వైపు చూస్తూ. "నాతోని కాదు."

శివరాజ్ నమ్మలేనట్టు చూశాడు. రజిత చెవుల్లోంచి తీగలు తీసేసి మరీ తిరిగి చూసింది. ముబీన్ నోట ఆ మాటా! కాసేపు ఆలోచించి శివరాజ్, "అట్లైతే దీన్ని పక్కకు పెట్టేద్దాం. అక్కకు కొత్త మిషన్ దెస్త" అన్నాడు, మంచి మనసుతోనే.

అబద్ధం ఆడడం అలవాటు లేని ముబీన్ ఒకటి ఆడగానే రెండోదాని దగ్గర చిక్కుకుపోయాడు. గ్రేసమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"ముబీన్‌తోని కాకపోవుడేంది శివరాజ్? ఆయనకు చేతనైతది. మిషన్ మంచిగనే ఉన్నది. నాకే కండ్లు కనవడుతలేవు. నల్లగుంటెనే నాకు అక్షరం ఆనుతది."

శివరాజ్ చాయ్ గ్లాసు బల్లమీద పెట్టాడు. "ఎన్ని దినాల సంది?" అని అడిగాడు.

"రెండేండ్లు దాటింది."

శివరాజ్ ఆమె ముఖంలోకి, నల్లటి తెరలోకి, మళ్ళీ ఆమె ముఖంలోకి చూసి, బయటికి పోయి బండి ఎక్కి వెళ్ళిపోయాడు. గ్రేసమ్మ కళ్ళద్దాల డబ్బా, టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంది. కొంగుతో కీబోర్డు తుడిచింది, ప్రతి వరుసా, మూలమూలలా. ముబీన్ ఆటోదాకా వెంట నడిచాడు.

ఆ మధ్యాహ్నం తన దుకాణంలో ముబీన్ ఒక పని చేశాడు. కీబోర్డు ముందర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తన పెళ్ళాం పేరు తెలుగులో కొట్టాడు. కళ్ళు తెరిచి చూస్తే, అది ఏ భాషో కూడా చెప్పడం కష్టం. మళ్ళీ కొట్టాడు. అయిదోసారికి తనమీద తనకే కోపం వచ్చి, ఆ తర్వాత నవ్వు వచ్చి, చివరికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ మిషన్లే గొప్పవనుకున్నానే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే, స్క్రూడ్రైవరు మరిచిపోయానని వంక పెట్టుకుని శివరాజ్ దుకాణానికి పోయాడు. నిజంగానే మరిచిపోయాడు, అది వేరే సంగతి. అప్పుడే తలుపులు తీస్తున్నారు. గ్రేసమ్మ అంతకుముందే వచ్చి గుమ్మం పక్కన నిలబడి ఉంది, సంచి భుజాన్నే ఉంది. లోపలికి రమ్మంటారో లేదో తెలియనట్టుంది. ఎండలో ఆమె నీడ మెట్లమీద వంకరగా పడింది.

శివరాజ్ ఆమెను పలకరించలేదు. రాత్రి నిద్రపోనివాడిలా ఉన్నాడు. బల్లమీద పాత ఫైళ్ళు గుట్టగా పోసి ఉన్నాయి, రెండేళ్ళ అర్జీల నకళ్ళు. నిన్న బండెక్కి పోయినవాడు ఎప్పుడు తిరిగొచ్చి వాటిని ముందేసుకున్నాడో ఎవరికీ తెలియదు. అగరబత్తి వెలిగించి మొదటి మిషన్ తెరమీది గుడికి చూపించాడు. రెండోదానికి చూపించాడు. మూడోదాని దగ్గరికి పోయి ఆగాడు.

"అక్కా, మిషన్ ఆన్ చెయ్యి."

గ్రేసమ్మ గోడ పట్టుకుని వచ్చి మీట నొక్కింది. తెర నల్లగా వెలిగింది. శివరాజ్ ఆ నలుపు ముందర అగరబత్తి మూడుసార్లు తిప్పి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు.

"అన్నా, దాంట్ల ఫోటో లేదు గద" అన్నాడు ముబీన్.

"ఫోటో ఎందుకు భాయ్? నల్లపోచమ్మ గద. నల్లగనే ఉన్నది." శివరాజ్ అగరబత్తిని గోడ సందులో గుచ్చి, ఫైళ్ళ గుట్టను చూపించాడు. "అన్ని సూసిన. రెండేండ్లల్ల నువ్వు కొట్టిన కాయితం ఒక్కటి వాపస్ రాలే అక్కా. తప్పులన్ని కండ్లున్నోళ్ళయే. ఇగ నుంచి ఈ పిల్లలు కొట్టినయి గూడ నువ్వే సదివిచ్చుకొని ఇను. సంచి దించు, కూసో."

గ్రేసమ్మ సంచి దించింది. కుర్చీ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని కూర్చుంది. బయట అప్పటికే ఎవరో కాయితం పట్టుకుని నిలబడ్డారు.

"పేరు చెప్పు" అందామె వాళ్ళవైపు ముఖం తిప్పి. "ఇంట్ల పిలిచినట్టు, మూడుసార్లు."

ముబీన్ స్క్రూడ్రైవరు సంగతి మళ్ళీ మరిచిపోయి, ఆ మీటల చప్పుడు వింటూ అక్కడే నిలబడ్డాడు.